బండి లేదు, చేతిలో 500 రూపాయలు: హైదరాబాదులో ఆదివారం ఎక్కడికి వెళ్లాలి?

మున్నేరు_ఒడ్డు · సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. వారానికి ఆరు రోజులు పని. ఆదివారం పదకొండింటికి లేవడం, హాస్టల్ వాళ్లు పెట్టిన బిర్యానీ తినడం, మంచం మీద వాలి ఫోను చూడడం. సాయంత్రానికి తలనొప్పి. రాత్రయితే రేపు మళ్లీ ఆఫీసు అన్న దిగులు. గదిలో ముగ్గురం ఉంటాం, ముగ్గురిదీ ఇదే వరస.

ప్రతి శనివారం అర్ధరాత్రి దాకా చర్చ నడుస్తుంది. ఒకడు గోవా అంటాడు, ఇంకొకడు కూర్గ్ అంటాడు. తెల్లారితే ముగ్గురం మాల్‌లో తేలతాం. అక్కడ ఏమీ కొనకుండానే వెయ్యి రూపాయలు ఎలా ఖర్చవుతాయో నాకింకా అంతుపట్టలేదు.

బండి లేదు. మనిషికి 500 దాకా పెట్టగలం. తెల్లవారి బయలుదేరి చీకటి పడేసరికి తిరిగి రావాలి. చెట్టో రాయో నీళ్లో ఏదో ఒకటి కళ్లపడాలి. దారి చెప్పండి. రిసార్టుల పేర్లు మాత్రం వద్దు.


నాలుగుచక్రాలు · సోమవారం, రాత్రి 10:41

బండి లేకుండా ఈ చుట్టుపక్కల తిరగడం కష్టం సోదరా. ముగ్గురున్నారు కాబట్టి ఇంకో ఇద్దరిని కలుపుకొని కారు అద్దెకు తీసుకోండి. తలా కొంచెం వేసుకుంటే శ్రీశైలం ఘాట్ దాకా వెళ్లి రావచ్చు.


ఇరానీ_చాయ్ · సోమవారం, రాత్రి 11:05

కారు అద్దె, పెట్రోలు, టోలు, ఆపైన డిపాజిట్. తిరిగిచ్చేటప్పుడు బంపరు మీద ఒక గీత కనిపిస్తే ఆ డిపాజిట్ గోవిందా. అతను 500 అని స్పష్టంగా రాశాడు, చదివారా?

అసలు నా అభిప్రాయం వేరు. వారమంతా అలసిన మనిషి ఆదివారం పడుకోవడంలో తప్పేముంది? సెలవు వచ్చిందంటే ఎక్కడికో వెళ్లి ఫొటో పెట్టి తీరాలన్న తొందర ఈమధ్య అందరికీ పట్టుకుంది. సందు చివర హోటల్లో చాయ్ తాగుతూ గంట కూర్చోండి. అదీ విహారమే.


గార్డు_పచ్చజెండా · మంగళవారం, ఉదయం 5:50

బాబూ మున్నేరు, నేను రైల్వేలో గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. బండి లేదన్న బెంగ పెట్టుకోకండి. మీ దగ్గర్లోనే హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ (లోకల్ రైళ్ల) స్టేషను ఉంది. అక్కడ ఎక్కితే ఒక వైపు లింగంపల్లి, మరో వైపు సికింద్రాబాదు. ఈ రెండు చోట్ల నుంచీ రెండు దిక్కులు తెరుచుకుంటాయి.

పడమటి దిక్కున లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాదు. బండి కొద్దికొద్దిగా ఎత్తెక్కుతుంది. ఈ కాలంలో వెళ్తే పట్టాల పక్కన కంది చేలు పచ్చగా, మధ్యమధ్య పసుపు పూతతో ఉంటాయి. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ ప్రాంతపు నేల వల్లే. వికారాబాదులో దిగితే అనంతగిరి కొండలకు ఆటోలుంటాయి. అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. మన మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే.

తూర్పు దిక్కున మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్, పగిడిపల్లి, భువనగిరి. పగిడిపల్లి దగ్గర నడికుడి వైపు లైను విడిపోతుంది. అది దాటాక కిటికీలోంచి చూస్తే కోట గుట్ట కనిపిస్తుంది. అంత పెద్ద బండను ఎవరూ గుర్తు పట్టలేకపోరు.

ఇంటి నుంచి బయలుదేరే ముందే తిరుగు రైలు సమయం చూసుకోవాలి. వేళలు మారుతుంటాయి, ఎవరో ఎప్పుడో రాసింది నమ్మవద్దు. చివరి రైలు మీద ఆశ పెట్టుకోకుండా దాని ముందు రైలుకు సిద్ధపడండి. అది తప్పినా వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ వైపు బస్సులు వస్తూనే ఉంటాయి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఒకే లైను.


రాళ్లగుట్ట · మంగళవారం, ఉదయం 8:15

బాబాయ్ గారు చెప్పాక నా ఓటు భువనగిరికే. అది రాళ్లు పేర్చినట్టున్న గుట్ట కాదు, సుమారు 500 అడుగులు లేచి నిలబడ్డ ఒకే బండ. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో కోట కట్టారు. తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు అందరి చేతులూ మారింది. చరిత్ర మీద ఆసక్తి లేకపోయినా ఫరవాలేదు, ఆ బండ చాలు.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ గుర్తున్నారా? అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లు మొదట తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నది ఈ భువనగిరి బండ మీదే. ఆనంద్ మీ ఖమ్మం వాడే.

మీరు వెళ్లేది మెట్ల దారి, తాడు అవసరం లేదు. కొన్ని విషయాలు మాత్రం గట్టిగా చెబుతాను. చెప్పులతో వెళ్లకండి, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. పైభాగంలో మెట్లు ఆగిపోయి వాలు బండ మీద నడవాల్సి వస్తుంది, అక్కడ ఇనుప కమ్మీ పట్టుకోండి. వాన పడితే ఆ బండ జోలికి వెళ్లవద్దు. మే నెలలో పొద్దున పదింటికే కింద నుంచి సెగ కొడుతుంది. తేనెపట్లు కనిపిస్తే రాయి విసరడం, పొగ పెట్టడం లాంటి వేషాలు వద్దు. తినుబండారాలు సంచిలోనే ఉంచండి, లేదంటే కోతులు మీ తరఫున తినేస్తాయి.


నాలుగుచక్రాలు · మంగళవారం, ఉదయం 9:02

ప్యాసింజర్ రైల్లో నిలబడి వెళ్లి, ఎండలో గుట్ట ఎక్కి, మళ్లీ నిలబడి రావడం. దీన్ని విహారం అంటారా, శిక్ష అంటారా?


గార్డు_పచ్చజెండా · మంగళవారం, ఉదయం 9:30

ఆదివారం పొద్దున్నే వెళ్లే ప్యాసింజర్లో కిటికీ పక్క చోటే దొరుకుతుంది నాయనా. కిటకిట అంతా సాయంత్రం నగరానికి వచ్చే బండిలో. అందుకే మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం పెట్టుకోమంటాను.


రాత్రి_డ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇక్కడ రాసినవారందరికీ ఆదివారమే సెలవున్నట్టుంది. నేను నర్సుని. నా సెలవు ఒకసారి మంగళవారం, ఒకసారి గురువారం వస్తుంది. మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు అదో వరమనిపిస్తోంది.

గోల్కొండనే తీసుకోండి. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దాకా వినిపిస్తుందని చిన్నప్పుడు చదివాం. ఆదివారం వెళ్తే ఆ గుమ్మటం కింద వందమంది ఒకేసారి చప్పట్లు కొడుతుంటారు, పైనున్నవారికి సంత గోల తప్ప ఏమీ వినిపించదు. ఒక మంగళవారం పొద్దున్నే నేనూ మా స్నేహితురాలూ వెళ్లాం. తను కింద ఆగింది, నేను పైకెక్కాను. తను కొట్టిన మూడు చప్పట్లూ విడివిడిగా వినిపించాయి. పక్కనే కుతుబ్‌షాహీ సమాధులు కూడా చూడండి. 2013లో మొదలైన పునరుద్ధరణ 2024లో పూర్తయింది. అక్కడి మెట్లబావి పక్కన నీడలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. మామూలు రోజుల్లో సెలవున్నవారు ఒక్కటి గుర్తుంచుకోండి: సాలార్ జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూకు సోమవారం సెలవు.

ఇప్పుడు మగవాళ్లెవరూ రాయని సంగతి. కోటలు, గుట్టలు, చెరువులు అని చకచకా చెప్పేశారు. మరుగుదొడ్డి ఎక్కడ? మా బృందం ఎక్కడికి వెళ్లాలన్నా మొదట తేల్చుకునేది అదే. నీళ్లు తక్కువ తాగితే సరిపోతుందని చాలామంది అమ్మాయిలు అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి, తర్వాత మూత్రంలో మంటతో మా ఆసుపత్రికి వస్తారు. రైల్వే స్టేషనులోనో బస్టాండులోనో దిగగానే ముందు ఆ పని చూసుకోండి. టికెట్టు పెట్టి చూసే చోట్ల సాధారణంగా ఉంటుంది. ఊరి బయట గుట్టల దగ్గర ఉండదు, అందుకే అలాంటి చోట్లకు సగం పూట మించి పెట్టుకోం.

ఖర్చు సంగతికొస్తే, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మా ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉచితం. ఆ పథకం వచ్చాక మా హాస్టల్లో అమ్మాయిలు సెలవు రోజున గదిలో ఉండడమే తగ్గింది. ఒకరిని డబ్బులు అడగనక్కర లేకుండా బయటికి వెళ్లగలగడం ఎంత పెద్ద మార్పో మా అమ్మ తరాన్ని అడగండి.


గోదారి_గట్టు · మంగళవారం, సాయంత్రం 4:25

అక్కా, నా ఆధార్‌లో చిరునామా రాజమహేంద్రవరం. జీరో టికెట్టు అడిగితే కండక్టరమ్మ కార్డు చూసి, నవ్వి, డబ్బులు తీసుకుంది. 2025 ఆగస్టు నుంచి మా వైపు కూడా స్త్రీ శక్తి పథకం వచ్చింది కానీ నేను ఉండేది ఇక్కడ కదా. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు కసిగా తిరిగి వస్తాను.

ఇంకో ప్రశ్న. ఇంట్లో చెప్పే వెళ్తారా? మా అమ్మ “ఎక్కడికి?” అని అడగదు, “ఎవరితో?” అని అడుగుతుంది.


రాత్రి_డ్యూటీ · మంగళవారం, రాత్రి 7:40

చెప్పే వెళ్తాను. మొదటిసారి మా అమ్మతో వీడియో కాల్‌లో నా స్నేహితురాళ్లందరినీ మాట్లాడించాను. రెండోసారి వాళ్ల అమ్మల ఫోను నంబర్లు అడిగి తీసుకుంది. ఇప్పుడు ఆ అమ్మలందరూ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని మాకంటే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. వచ్చే సంక్రాంతికి వాళ్లే ఎక్కడికో వెళ్తారట.


తీతువు · బుధవారం, ఉదయం 6:35

గుట్టలన్నీ అయ్యాక నీళ్ల గురించి కూడా మాట్లాడదాం. మున్నేరు గారూ, మీరు మియాపూర్ దాకా వస్తే అక్కడి నుంచి అమీన్‌పూర్ పెద్ద చెరువు దగ్గర. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగరం అంచున ఉన్న ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

చలికాలం ఉదయం ఏడు లోపు వెళ్లాలి. మొదట ఏమీ కనిపించదు. కాసేపు కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే బయటపడుతుంది. నీళ్లలోంచి పొడుచుకొచ్చిన మొద్దు మీద నీటికాకి రెండు రెక్కలూ బార్లా చాపి నిలబడి ఉంటుంది. దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని జార్చవు, తడిసిపోతాయి. అందువల్లే చేప కోసం లోతుకు మునగగలదు, అందువల్లే బయటికొచ్చాక ఆరబెట్టుకోవాలి. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట. గట్టున నడుస్తుంటే నా పేరింటి పక్షి నెత్తిమీద తిరుగుతూ తిడుతుంది, అంటే దగ్గర్లో గూడుండవచ్చు. అలాంటప్పుడు వెనక్కి తగ్గాలి. అదృష్టం బాగుంటే ఫ్లెమింగోలు కూడా దిగుతాయి. ఖర్చు బస్సు చార్జీలే.


నాలుగుచక్రాలు · బుధవారం, ఉదయం 10:12

ఇది బాగుంది. మా తమ్ముడి దగ్గర డ్రోను ఉంది. ఫ్లెమింగోల మీద ఎగరేస్తే వీడియో అదిరిపోతుంది.


తీతువు · బుధవారం, ఉదయం 10:20

దయచేసి ఆ పని చేయకండి. డ్రోను శబ్దానికి గుంపు మొత్తం లేచిపోతుంది. ఎంతో దూరం ఎగిరొచ్చి తిండి కోసం దిగిన పక్షులను మళ్లీ లేపడం అంటే విస్తరి ముందు కూర్చున్నవాడిని చెయ్యి పట్టి లాగేయడమే.


రాళ్లగుట్ట · బుధవారం, మధ్యాహ్నం 1:05

అందుకే నేను కొన్ని చోట్ల పేర్లు ఎక్కడా రాయను. భువనగిరి అందరికీ తెలిసిందే, చెప్పాను. నగరం అంచున నాకిష్టమైన రాళ్ల గుంపు ఒకటుంది. ఒక బండ మీద ఇంకో బండ, వేలితో తోస్తే దొర్లేలా ఉంటుంది కానీ యుగాలుగా అలాగే నిలిచి ఉంది. ఈ చుట్టుపక్కల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పేరు రాస్తే మూడు నెలల్లో ఆ బండ మీద ప్రేమికుల పేర్లు, కింద బీరు సీసాలు.


ఇరానీ_చాయ్ · బుధవారం, మధ్యాహ్నం 1:30

మీకు ఆ చోటు ఎవరో చెబితేనే కదా తెలిసింది? మీరు చూశాక తలుపు మూసేస్తారా? కారున్నవాడికి ఎలాగూ తెలుస్తుంది. హాస్టల్లో ఉండే ఈ కుర్రాడికి మాత్రమే రహస్యం.


రాళ్లగుట్ట · బుధవారం, మధ్యాహ్నం 1:52

తలుపు మూయడం లేదు, వెంట తీసుకెళ్లి చూపిస్తానంటున్నాను. నగరంలో రాళ్లను కాపాడుకునే సంస్థ సొసైటీ టు సేవ్ రాక్స్ ఏళ్లుగా అదే పద్ధతిలో నడకలు ఏర్పాటు చేస్తోంది. మనిషి వెంట మనిషి వస్తే చెత్త వేయడు. పటంలో గుర్తు చూసుకుని వచ్చేవాడికి ఎవరి మొహమాటమూ ఉండదు.


తీతువు · బుధవారం, మధ్యాహ్నం 2:15

మీ బాధ నాకు తెలుసు, కానీ ఈ విషయంలో నేను ఇరానీ చాయ్ వైపు. అమీన్‌పూర్ చెరువు ఎవరికీ తెలియకుండా ఉండి ఉంటే ఈపాటికి సగం ప్లాట్లయి ఉండేది. అక్కడికి జనం వచ్చారు, పక్షులను చూశారు, ఫొటోలు పెట్టారు, అధికారుల వెంటపడ్డారు. ఈ నగరంలో బండను పేల్చేవాడికి, చెరువు పూడ్చేవాడికి అందరికంటే ముందే చిరునామా తెలుస్తుంది. తెలియనిది మనలాంటివారికే. నాలుగు సీసాలు ఏరితే పోతాయి, పేలిన బండ మళ్లీ రాదు.


రాళ్లగుట్ట · బుధవారం, మధ్యాహ్నం 2:40

ఆలోచించాల్సిన మాటే. పేరు మాత్రం ఇప్పుడే రాయను. డిసెంబరులో ఒక ఆదివారం నడక పెడతాను, ఈ చర్చలో ఉన్నవారెవరైనా రావచ్చు.


చిక్కడపల్లి_బెంచీ · బుధవారం, రాత్రి 11:48

రెండు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. చిక్కడపల్లి గ్రంథాలయం, అశోక్‌నగర్ గది, మధ్యలో మెస్సు. నాకు ఆదివారమూ బుధవారమూ ఒకటే. బయటికి వెళ్దామంటే డబ్బు కంటే పెద్ద అడ్డంకి ఇంకోటుంది. నాన్న పత్తి అమ్మి పంపిన డబ్బుతో నేను గుట్టలెక్కుతూ తిరుగుతున్నానని ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారు?

నాకున్న ఒకే విహారం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. షట్టర్లు దించిన దుకాణాల ముందు నీలం పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. రెండు మూడు గంటలు వంగి వెతుకుతాను. కొనేది ఒకటో రెండో, అవి కూడా పరీక్షకు పనికొచ్చేవే. ఒకసారి మాత్రం అవసరం లేకపోయినా బొమ్మలున్న పాత పక్షుల పుస్తకం కొన్నాను. గదిలో ఎవరికీ చూపించలేదు.


గార్డు_పచ్చజెండా · గురువారం, ఉదయం 5:40

బాబూ చిక్కడపల్లి, మీ మాట చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాడినే. మీకు పనికొచ్చే దారి ఒకటి చెబుతాను. అందులో చదువూ ఉంది కాబట్టి నాన్నగారికి ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఒక నదిని పట్టుకోండి. మూసీని. ఒక్కో సెలవు రోజున ఒక్కో ముక్క చూడండి. మొదటి ముక్క అనంతగిరి, ఎలా వెళ్లాలో పైన రాశాను. అక్కడ మూసీ దాటడానికి వంతెన అక్కర్లేదు, వానాకాలం తప్ప ఒక గెంతు చాలు.

రెండో ముక్క గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరదను పైనే ఆపాలన్న ఆయన సలహా మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మీ పరీక్షలో వచ్చే నాలుగు మార్కుల ప్రశ్న ఆ గట్టు మీద నిలబడితే చచ్చినా మరిచిపోరు.

మూడో ముక్క మీ గదికి దగ్గరే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. వరద రోజున దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. దాని కింద నిలబడి తలెత్తి చూడండి. అక్కడి నుంచి నది వెంబడి పైకి నడిస్తే పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించినది, చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. నీళ్ల వాసనకు ముక్కు మూసుకోవాల్సి వస్తుంది, అదీ చరిత్రలో భాగమే.

చివరి ముక్క వాడపల్లి. అక్కడ మూసీ కృష్ణలో కలుస్తుంది. నేను చెప్పిన పగిడిపల్లి లైను మీదే విష్ణుపురం స్టేషను, అక్కడి నుంచి దగ్గర. అగస్త్యేశ్వరుడి గుడి, రెండు నదులు. ఆ లైను మీద డ్యూటీ చేసినన్నాళ్లూ నాకు ఆ స్టేషను వస్తోందంటే ప్రాణం లేచొచ్చేది.


ఇరానీ_చాయ్ · గురువారం, ఉదయం 9:15

ఇంట్లో పడుకోమని చెప్పినవాడిని నేనే. కానీ ఈ మూసీ పథకం నన్ను కూడా లేపేలా ఉంది. చిక్కడపల్లీ, చింతచెట్టు దగ్గరికి వెళ్లే రోజు చెప్పు. ఆరోజు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖర్చు. పుస్తకాలు తెచ్చుకో, చాయ్ తాగుతూ చదువుకోవచ్చు.


రైన్_తీరం · గురువారం, మధ్యాహ్నం 12:30

నేను జర్మనీలో ఎంఎస్ చదువుతున్న వరంగల్ వాడిని. ఇక్కడ ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు. తోచక మొదటి నెల పిచ్చెక్కింది. తర్వాత చూస్తే ముసలివాళ్లు సైతం బూట్లేసుకుని రైలెక్కి ఏదో ఒక అడవికి నడకకు పోతుంటారు. 2023లో నెలకు 49 యూరోలతో దేశమంతా ప్రాంతీయ రైళ్లలో, బస్సుల్లో తిరిగే టికెట్టు వచ్చింది. తర్వాత ధర పెంచారు, అయినా మాలాంటి విద్యార్థులకు అదే ఆధారం. దిగే స్టేషను ముందుగా అనుకోకుండా ఎక్కడం కూడా అలవాటైంది. విచిత్రమేమిటంటే ఇంతవరకూ నేను భువనగిరి కోట ఎక్కలేదు. కాజీపేట నుంచి సికింద్రాబాదుకు దాని పక్కనుంచే ఎన్నోసార్లు వెళ్లాను.


నిర్వాహకుడు · గురువారం, రాత్రి 8:00

చర్చ బాగా సాగుతోంది. ఒక్క హెచ్చరిక. చెరువులు, జలాశయాలు, పాత క్వారీ గుంతల దగ్గరికి వెళ్లేవారు నీళ్లలోకి దిగవద్దు. క్వారీ గుంతకు మెట్టంటూ ఉండదు, ఒక అడుగు మోకాలి లోతు, తర్వాతి అడుగు నిలువు లోతు. ఈత వచ్చినవారు కూడా అక్కడే మునుగుతారు. ఒకరు మునుగుతుంటే పక్కవారు దూకడం వల్లే రెండో ప్రాణం, మూడో ప్రాణం పోతాయి. దూకకండి, తాడో చున్నీయో కర్రో అందించండి. ఫొటో కోసం గట్టు అంచుకు వెళ్లడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.


మున్నేరు_ఒడ్డు · ఆదివారం, రాత్రి 9:10

వెళ్లి వచ్చాం. భువనగిరి.

శనివారం రాత్రి చర్చ లేదు, గోవా పేరెత్తలేదు. పదింటికే పడుకున్నాం. తెల్లవారుజామున సికింద్రాబాదు స్టేషన్లో చాయ్ తాగి ప్యాసింజర్ ఎక్కితే గార్డు బాబాయ్ గారు చెప్పినట్టే కిటికీ పక్క చోటు దొరికింది. ఘట్‌కేసర్ దాటేదాకా ముగ్గురం ఆవలింతలే. బీబీనగర్ దగ్గర పొలాల మీద మంచు, ఒక రైతు దుప్పటి కప్పుకుని మోటారు దగ్గర కూర్చుని ఉన్నాడు. పగిడిపల్లి దాటాక కూర్గ్ అనే మా వాడే మొదట అరిచాడు, “అదిగో గుట్ట” అని.

కింద నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మొదటి గుమ్మం దాటి మలుపు తిరిగాక ఊపిరి అందలేదు. అసలు విషయం పైన మొదలవుతుంది. మెట్లు అయిపోయి బండ వీపు మీదికి వచ్చేశాం. రాయి గరుకుగా ఉంటుందనుకున్నాను. వేల కాళ్లు నడిచిన చోట నున్నగా మెరుస్తోంది, రెండడుగుల పక్కనే ఇసుక కాగితంలా ఉంది. మెరిసే దారి వదిలి గరుకు మీద అడుగు వేస్తే బూటు జారదని కాసేపటికి తెలిసింది. పొద్దున చల్లగా ఉన్న కమ్మీ దిగేటప్పుడు పట్టుకోలేనంత వేడెక్కింది.

బండలోనే తొలిచిన నీటి తొట్లు చూసి మా గోవా వాడు చాలాసేపు అక్కడే ఆగిపోయాడు. వాడు సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. ఇంత ఎత్తున వాన నీళ్లు చుక్క పోకుండా ఎటు వాలించి ఎక్కడ పట్టారో వేలు పెట్టి చూపించాడు. కాలేజీలో వాడు ఇంత శ్రద్ధగా ఏదీ చెప్పగా వినలేదు. పైన శిథిలమైన మహలు నీడలో పులిహోర తిన్నాం. మెస్సు ఆంటీకి ముందురోజు చెబితే పొట్లాలు కట్టి ఇచ్చింది. గాలి ఎంత గట్టిగా వీచిందంటే విస్తరాకు మీద రాయి పెట్టుకుని తినాల్సి వచ్చింది. కూర్గ్ వాడు తిన్న వెంటనే అక్కడే నిద్రపోయాడు. ఆదివారం నిద్ర వాడికి ఎక్కడైనా ఒకటే.

దిగాక ఉప్పు కారం చల్లిన జామకాయలు, మధ్యాహ్నం బస్సులో ఉప్పల్, మెట్రో, హాస్టల్. ముగ్గురికీ కలిపి వెయ్యి దాటలేదు. రేపు ఆఫీసుంది, ఆ దిగులేమీ పోలేదు. పిక్కలు మాత్రం పట్టేశాయి.


రాళ్లగుట్ట · ఆదివారం, రాత్రి 9:32

నున్నటి చోటు వదిలి గరుకు మీద నడవాలని ఎవరూ చెప్పకుండా కనిపెట్టారు కదా, డిసెంబరు నడకకు మీ ముగ్గురి పేర్లూ రాసుకున్నాను. గోవా వాడిని తప్పకుండా తీసుకురండి.


చిక్కడపల్లి_బెంచీ · ఆదివారం, రాత్రి 11:20

నేను ఈరోజు మధ్యాహ్నం చింతచెట్టు దగ్గరికి వెళ్లాను. ఇరానీ చాయ్ అన్న వచ్చారు, బిస్కెట్లు నిజంగానే కొనిపెట్టారు. వచ్చే వారం గండిపేట అనుకుంటున్నాం. గార్డు బాబాయ్ గారూ, మెదక్ చర్చి రైల్లో చూసి రావచ్చా?


గార్డు_పచ్చజెండా · సోమవారం, ఉదయం 5:45

రావచ్చు. 2022 నుంచి అక్కన్నపేట మీదుగా మెదక్‌కు లైను ఉంది, కాచిగూడ నుంచి బండి నడుస్తుంది. ఆ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. కరువు రోజుల్లో ఊరివాళ్లకు పని కల్పించి, తిండి పెట్టి కట్టించారు. క్రిస్మస్ రోజున జనసముద్రం, దానికి ముందే ఒక వారం చూసుకోండి. రంగు అద్దాల కిటికీలు ఎండ వేళలోనే బాగుంటాయి, సాయంత్రం దాకా ఆగకండి.


రాత్రి_డ్యూటీ · సోమవారం, మధ్యాహ్నం 3:15

వచ్చే మంగళవారం నాకు సెలవు. మా హాస్టల్ నుంచి నలుగురం, గోదారి గట్టు చెల్లితో కలిపి అయిదుగురం అమీన్‌పూర్ చెరువుకు వెళ్దామనుకుంటున్నాం. తీతువు గారూ, మీ దగ్గర బైనాక్యులర్ ఉంటే ఒక పూట ఇస్తారా? చిక్కడపల్లీ, నీ పక్షుల పుస్తకం కూడా కావాలి. దాచింది చాలు.


తీతువు · సోమవారం, మధ్యాహ్నం 3:40

నేనే తెస్తాను, ఒకటి కాదు రెండున్నాయి. ఆరున్నరకల్లా మియాపూర్ మెట్రో దగ్గర ఉండండి. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు, మట్టి రంగువి వేసుకోండి. చెరువు గట్టున మరుగుదొడ్డి లేదు, మెట్రో స్టేషన్లోనే ఆ పని చూసుకుని బయలుదేరదాం.